లాభం, రెండు, మూడు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వెనక సందులో
సుభాషిణి జెరాక్స్ నాదే.
ఆధార్‌కి నకళ్లు తీస్తాను, ఫోన్లకి అద్దాలు వేస్తాను,
వానలో తడిసిన వాటిని బియ్యం డబ్బాలో పడుకోబెట్టి
బతికితే యాభై, చస్తే ఏమీ తీసుకోను.

కడలి పెద్దిరాజు లుంగీ మడతలోంచి తీసి
బల్ల మీద పెట్టాడు:
వేలెడంత వెండిరంగు పాటల డబ్బా.
ఎండలో కూడా మెడ చుట్టూ గళ్ల తువ్వాలు.
ఏమైందండీ దీనికి, అంటే
చెవి చూపించి, అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు.

చార్జింగు ఎక్కింది.
అరంగుళం తెర మీద ఒక్క వరస: ఫైళ్లు పదకొండు.
చెవిలో పెట్టుకునే తీగ దూరే బెజ్జం మాత్రం
ఉప్పుగాలికి తుప్పు.
లోపల ఏదో ఉంది, బైటికి దారి లేదు.

నా కంప్యూటర్‌కి గుచ్చాను.
ఎవరో వచ్చారంది. ఎవరో తెలీదంది.
చేసినవాడు దీనికో తాళం వేసి
తాళంచెవిని సీడీలో పెట్టి అమ్మాడు.
ఆ సీడీ ఆయన కోడలు కాకుల్ని బెదరగొట్టడానికి
ఆనపపాదుకి వేలాడదీసింది.
విప్పుకొచ్చాం. కొబ్బరినూనె చుక్కేసి తుడిస్తే
చదివింది గానీ,
పాత విండోస్ ఉంటేనే దిగుతానంది.

అది ఇప్పుడెక్కడ దొరుకుతుంది?
నా కంప్యూటర్ కడుపులోనే ఇంకో కంప్యూటర్ కట్టాను.
కాస్త మెమరీ, కాస్త డిస్కు, కౌలుకిచ్చినట్టు.
గోదారి నడుమ లంక అనుకోండి,
చుట్టూ ఎంత నీళ్లు పోతున్నా
దాని మట్టి దానిది, దాని పొద్దు దానిది.
గుట్టన్నది ఎరగని ఈ సీమలో
తెర మీద పచ్చగుట్ట మొలిచింది, పైన నీలాకాశం.
పెద్దిరాజు స్టూలు ముందుకి లాక్కున్నాడు.

డబ్బా మాత్రం లంకలోకి పోదు.
పంటు మీద బండి రెండు రేవుల్లో నిలబడదు కదా,
ఈ ఒడ్డు వదిలితేనే ఆ ఒడ్డు.
వదిలించాను. నడిమధ్యలో అది పేరు మార్చుకుంది,
కొత్త మనిషనుకుని ఈ ఒడ్డే మళ్లీ లాక్కుంది.
మూడు సాయంత్రాలు అదే పడవాట.
ఒక సాయంత్రం కరెంటు పోయింది.
ఒక సాయంత్రం నేను తిట్టాను, ఆయన టీ తెచ్చాడు.
ఆఖరికి రెండు పేర్లూ పంటువాడికి రాసిచ్చాను:
ఏ పేరుతో వచ్చినా అటే దాటించు.

దాటింది. ఇంకో పేచీ,
నా గడువు ఎప్పుడో తీరిపోయిందంది సాఫ్ట్‌వేర్.
లంకలో గడియారాన్ని వెనక్కి తిప్పాను,
పదిహేడేళ్లు. ఒక్క నొక్కు.
అప్పుడాయన తువ్వాలు ముడి వదులు చేసుకున్నాడు,
గొంతు నడుమ రూపాయంత చిల్లు కనబడింది,
ఊపిరి అందులోంచి వచ్చిపోతోంది.
నేను మౌస్ వైపు చూశాను.

మొదటి ఫైలు.
గాలి. లారీ హారను. ఎవడో, రికార్డవుతోందా?
ఆయ్, అవుతోంది, కానియ్యండి.
ఆ తరవాత గొంతు,
కొబ్బరిపీచులాగా గరుకు, పొడుగు:
లాభం... రెండు... మూడు...

కాయ కాయకీ ఒక దెబ్బ, ఒక అంకె.
సందు చివర లోడెత్తుతున్న కుర్రాడు
కాయ చేతిలో పట్టుకుని అలాగే ఆగాడు.
నూటికి చేరేసరికి పెద్దిరాజు పెదాలు
అంకె కన్నా ముందు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా.

నూట నలభై ఆరు దగ్గర
ఆయన బల్ల మీద వేలితో టక్కున కొట్టాడు.
ఎందుకో అర్థంకాలేదు.
ఈలోగా లోపల ఎవరో టీ అని కేకేశారు,
గొంతు తడబడి
నూట నలభై అయిదు నుంచి మళ్లీ ఎత్తుకుంది.
పెద్దిరాజు రెండు వేళ్లు చూపించి
భుజాలదిరేలా నవ్వాడు.
రెండు కాయలు! ఆ రోజు ఎవడికో
ఊరికే పోయాయి.

పదకొండూ ఆయన ఫోన్లోకి ఎక్కించాను.
డబ్బులు వద్దన్నాను, వినలేదు, నోటు పెట్టేసి వెళ్లాడు.
పొద్దున్న షట్టరు ఎత్తబోతే
కింద రెండు కాయలు,
ఒలిచి, పిలక మిగిల్చి.